వేడి తగిలితేనే తిరిగే ఫ్యాను

రిటైర్మెంటుకి మూడేళ్ళ ముందు, ఒక మార్చి నెలాఖరున, నన్ను తాడేపల్లిగూడెం సర్వీసు పాయింటు నుంచి ఏలూరు బైపాసు పక్కనున్న మా పెద్ద వర్క్‌షాపుకి వర్క్స్ మేనేజరుగా వేశారు. లారీలు అమ్మే ఒక డీలరు తాలూకు వర్క్‌షాపు అది. వర్క్స్ మేనేజరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. పైనుంచి రీజనల్ మేనేజరు చేతా, కిందనుంచి లారీ ఓనర్ల చేతా రోజూ చీవాట్లు తినే ఉద్యోగం. మెకానిక్కుకి అంతుచిక్కని బండి సూపర్‌వైజరు దగ్గరికి పోతుంది. ఆయనకీ అంతుచిక్కకపోతే సర్వీస్ ఇంజనీరు దగ్గరికి. అక్కడా తెమలకపోతే నా నెత్తిన పడుతుంది. నా తరవాత ఇక నెత్తి లేదు.

కుర్చీలో సర్దుకోకముందే నా నెత్తిన పడిన బండి ఖాసిం గారిది. ఖాసిం గారి కుటుంబం తండ్రి హయాం నుంచీ ఏలూరులో లారీలు నడుపుతోంది. ఒకప్పుడు చాలా బండ్లుండేవట. నేను చూసేనాటికి మిగిలింది ఈ ఒక్కటే, అంతకు ముందు వానాకాలంలో మా దగ్గరే కొన్నది. కొల్లేటి గట్టున ప్యాకింగ్ షెడ్డులో బొచ్చె, శీలావతి చేపలు ఐసుతో కలిపి ట్రేలలో సర్ది, ఈ బండిమీద కలకత్తా పంపుతారు. వాళ్ళకి పరుగే ప్రాణం. దారిలో బండి ఆగితే ఐసు కరుగుతుంది, ఐసు కరిగితే సరుకు పాడవుతుంది, ఒకసారి పాడైన సరుకు దింపిన లారీకి షెడ్డువాళ్ళు మళ్ళీ లోడు ఇవ్వరు.

కంప్లయింటు ఒక్కటే. ఇంజను కాగిపోతోంది. ఇందులో వింతేముంది, ఎండాకాలం కదా అంటారు. వింత ఉంది. ఈ బండి లోడుతో షెడ్డు దగ్గర బయలుదేరి, ఏలూరు దాటి, భీమడోలు వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పోతుంది. తాడేపల్లిగూడెం చేరేలోపు ఎక్కడో ఒకచోట పక్కకు ఆపి చల్లార్చుకోవాల్సిందే. కానీ రాజమండ్రి దాటాక, విశాఖపట్నం అవతల ఎత్తుపల్లాల రోడ్డు మీద, మండుటెండలో, అదే లోడుతో ఆ ముల్లు మధ్యలో నుంచి కదలదు! చదునైన రోడ్డు మీద కాగి, ఎత్తు మీద చల్లగా ఉండే ఇంజనుని నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. మెకానిక్కుగా చేరినప్పుడు నాకు నేర్పిన మొదటి పాఠమే తలకిందులైంది.

మొదట మేమంతా అనుమానించింది ఫ్యాన్ క్లచ్‌ని. డ్రైవరు కాలితో తొక్కే క్లచ్ వేరు, ఇది వేరు. ఇంజను ముందు రేడియేటరు, దాని వెనక ఫ్యాను ఉంటాయి. పాత లారీల్లో ఆ ఫ్యాను ఇంజను తిరిగినంతసేపూ తిరుగుతూనే ఉండేది, అవసరమున్నా లేకపోయినా. దానివల్ల డీజిల్ దండగ. అందుకని కొత్త బండ్లలో ఇంజనుకీ ఫ్యానుకీ మధ్య గుండ్రటి అల్యూమినియం డబ్బా ఒకటి పెట్టారు. అందులో చిక్కటి నూనె ఉంటుంది. డబ్బా ముఖం మీద, సరిగ్గా నడిమధ్యన, గడియారం స్ప్రింగులా చుట్టిన రేకు ఉంటుంది. రెండు రకాల లోహాలు ఒకదానికొకటి అతికించి చేసిన రేకు అది. వేడి తగిలితే ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది, దాంతో చుట్ట కాస్త మెలి తిరుగుతుంది. ఆ మెలిక లోపలున్న చిన్న మూతని తెరుస్తుంది. నూనె వచ్చి ఫ్యానుని ఇంజనుతో పట్టి బిగిస్తుంది. అప్పుడు ఫ్యాను గుయ్యిమని గర్జిస్తూ తిరుగుతుంది. చల్లబడితే అన్నీ వెనక్కి పోయి ఫ్యాను తీరిగ్గా తిరుగుతుంది. దీనికి కరెంటు లేదు, వైరు లేదు. రేడియేటరులోంచి దూసుకొచ్చే గాలి ఆ చుట్టకి ఎంత వేడిగా తగిలిందన్నదే దానికి తెలిసిన సంగతి.

నేను రాకముందే ఆ క్లచ్‌ని ఒకసారి మార్చారు. నేనొచ్చాక ఇంకోటి మార్పించాను. రేడియేటరు విప్పి కడిగించాను. థర్మోస్టాటు మార్చాం, వాటర్ పంపు చూశాం, బెల్టు బిగించాం. వర్క్‌షాపులో ఇంజను స్టార్టు చేసి, రేడియేటరు ముందు అట్టముక్క అడ్డంపెట్టి కావాలని వేడెక్కిస్తే, ఫ్యాను ఠంచనుగా గర్జించేది. కంకర లోడు వేయించి, నేనే పక్కన కూర్చుని జంగారెడ్డిగూడెం వైపు మెరకదారిలో తిప్పించాను. ముల్లు కదిలితే ఒట్టు. బండిని శుభ్రంగా అప్పగించాం. కొల్లేరు వెళ్ళి చేపలెత్తుకుని బయలుదేరింది. భీమడోలులో కాగింది!

నాకు పిచ్చెక్కిందంటే నమ్మండి. కంకరకి కాగని ఇంజను చేపలకెందుకు కాగుతుంది? మా మెకానిక్కు ఒకడు తల గోక్కుంటూ, “డైరెక్ట్ చేసేద్దామండీ, ఓ బోల్టు కొట్టేస్తే ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది,” అన్నాడు. క్లచ్‌ని బోల్టుతో బిగించేసి పాత పద్ధతిలోకి దించడం మా లైన్లో అందరికీ తెలిసిన వైద్యమే. కానీ వారంటీలో ఉన్న బండికి అలా చేస్తే వారంటీ పోతుంది. పైగా రోగమేమిటో తెలియకుండా మందు వేయడం నాకు గిట్టదు. వాణ్ణి కసిరి పంపేశాను గానీ, నా దగ్గర మాత్రం వేరే మందేముంది?

తీసేసిన పాత క్లచ్ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయాను. మా ఆవిడ సుశీల ఇడ్లీలు పెట్టింది. ఆ ఆవిరికి దాన్ని చూపిస్తూ నిలబడ్డాను. వేడి తగలగానే రేకు చుట్ట మెల్లగా మెలి తిరిగింది. గాలికి పట్టుకుంటే వెనక్కి పోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తిరిగింది. బంగారంలాంటి క్లచ్. “ఏవండీ, అది బాగానే ఉందిగా. మీకే ఏదో తేడా చేసినట్టుంది, కాస్త ఆ చేపల కంపు అవతల పెట్టండి,” అంది సుశీల. నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఎందుకంటే ఈపాటికి బండి సంగతి పోయి మనిషి మీదికొచ్చింది. ఆ లారీ డ్రైవరు ఏసుపాదం. భీమడోలు దగ్గర పల్లెటూరివాడు, యాభై దాటిన మనిషి. ఖాసిం గారి తండ్రి ఉన్నప్పటి నుంచీ ఆ ఇంటి బండే నడుపుతున్నాడు. పార్టులన్నీ మార్చినా బండి కాగుతోందంటే తప్పు డ్రైవరుదేనని ఖాసిం గారికి గట్టిగా నాటుకుపోయింది. సరిగ్గా భీమడోలు దగ్గరే ఎందుకాగుతోంది? ఇల్లు అక్కడే కదా! నీళ్ళు చూసుకోకుండా, చిన్న గేరులో ఈడ్చి ఈడ్చి కావాలనే కాగబెట్టి, ఇంటికి పోయి కునుకు తీస్తున్నాడని ఆయన లెక్క. “ఇంజనీరు గారూ, మీరు డ్రైవరు తప్పని రాసివ్వండి. తాళాలు మా మేనల్లుడికి ఇచ్చేస్తాను. ఇంకొక్క లోడు పాడైతే షెడ్డువాళ్ళు నా మొహం చూడరండీ,” అన్నాడాయన. కోపంగా అనలేదు. ఏడుపు గొంతుతో అన్నాడు.

రీజనల్ మేనేజరూ ఫోన్లో అదే మాట. మా రిపోర్టుల్లో కారణం అనే చోట రాయడానికి మూడే మాటలు చెల్లుతాయి. పార్టు లోపం, మెయింటెనెన్సు లోపం, డ్రైవర్ మిస్‌యూజ్. మొదటి రెండూ కాదని మేమే తేల్చాం కాబట్టి మిగిలింది మూడోది, రాసి మూసెయ్యమన్నాడు.

నేను ఏసుపాదాన్ని పిలిపించాను. యార్డులో నిలబెట్టి, పోలీసువాడిలా అడిగాను. నీళ్ళు ఎప్పుడు చూస్తావు, ఏ గేరులో పోతావు, ఎక్కడెక్కడ ఆపుతావు, ఏమైనా తప్పు చేశావా, చేస్తే ఇప్పుడే చెప్పు, నేను చూసుకుంటాను అన్నాను. అతను అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. తప్పేమీ చెయ్యలేదండీ అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, “ఈ వయసులో నాకు ఇంకో బండెవరిస్తారండీ? మీరు ఏది రాస్తే అదేనంట కదండీ,” అన్నాడు.

నిజం చెప్పాలంటే అతను అబద్ధమాడుతున్నాడేమోనని నాకూ అనిపించింది. మరుక్షణమే, కంకర లోడు తిప్పింది కూడా ఇతనే కదా, అప్పుడెందుకు కాగలేదనీ అనిపించింది. ఎటు తిరిగినా గోడే. రిపోర్టు రాయడానికి కూర్చుంటే పెన్ను సాగలేదు. జాలి ఒక్కటే కాదు. నాకు అర్థంకాని దానికి ఇంకొకడి పేరు పెట్టి మూసెయ్యడమంటే ఒళ్ళు మండింది.

చివరికి ఖాసిం గారికి ఫోన్ చేసి, ఈసారి లోడు ఎత్తేచోటి నుంచే నేనూ బండెక్కుతాను, మీరూ రండి, డ్రైవరు తప్పు చేస్తే ఇద్దరం కళ్ళారా చూద్దాం అన్నాను. ఆయన సంబరంగా ఒప్పుకున్నాడు.

కైకలూరు రోడ్డులో కొల్లేటి గట్టుకు పొద్దున్నే చేరుకున్నాను. షెడ్డు నిండా చేపలు, ఐసు మర చప్పుడు, ఆడవాళ్ళ కేకలు. ట్రేలు ఎక్కించడం అయ్యేసరికి ఎండ చుర్రుమంటోంది. నేను రేడియేటరు నీళ్ళు నా చేత్తో చూశాను. నిండుగా ఉన్నాయి. బెల్టు చూశాను. ఆయిల్ చూశాను. ఇక బయలుదేరదామనగా ఖాసిం గారు షెడ్డులోంచి ఒక గోనె మూట భుజాన వేసుకొచ్చాడు. నుసి ఐసు, త్వరగా కరగకుండా ఊక కలిపి కట్టిన మూట. బండి ముందు రేకు పైకెత్తి, రేడియేటరుకి ఆనించి, నడిమధ్యన దాన్ని తాళ్ళతో కట్టి, బిస్మిల్లా అనుకుని రేకు దించాడు.

ఏంటండీ ఇది అని అడిగాను. “ఎండలు ముదిరితే మా నాన్నగారు ప్రతి ట్రిప్పుకీ ఇలాగే కట్టేవారండీ. కడుపు చల్లగా బయలుదేరితే బండి చల్లగా చేరుతుందనేవారు. షెడ్డులో ఐసుకి కొదవేముంది? ఇది మాత్రం ఎవరిచేతా కట్టించనండీ, నేనే కడతాను,” అన్నాడు. పెద్దాయన పద్ధతి బాగుందే అనుకున్నాను. అవును, నేనూ అలాగే అనుకున్నాను! కళ్ళముందే కడుతుంటే చూసి, తల ఊపి, బండెక్కి కూర్చున్నాను.

క్యాబిన్లో ముగ్గురం. ఏసుపాదం స్టీరింగు ముందు, మధ్యలో నేను, ఆ చివర ఖాసిం గారు. ఆయన చూపు రోడ్డు మీద లేదు, డ్రైవరు కాళ్ళ మీద ఉంది. ఏసుపాదం పెళ్ళికూతురిని ఎక్కించుకున్నట్టు నడిపాడు. ఏ గేరు ఎప్పుడు మార్చాలో అప్పుడే మార్చాడు. ఏలూరు బైపాసు ఎక్కి వేగం అందుకున్నాక ముల్లు కదలడం మొదలైంది. మధ్యగీత దాటింది. అతని మెడమీద చెమటలు పట్టాయి. నా చెవులన్నీ ఫ్యాను మీదే ఉన్నాయి. ఈపాటికి గర్జించాలి. గర్జన లేదు. ముల్లు పైకి పోతూనే ఉంది, ఫ్యాను మాత్రం నిద్రలో ఉన్నట్టే ఉంది. “చూశారా, చూశారా,” అన్నాడు ఖాసిం గారు. ఏం చూశానో నాకే తెలియదు. డ్రైవరు చేసిన తప్పు మాత్రం ఒక్కటీ కనబడలేదు.

భీమడోలు పొలిమేరలో ముల్లు ఎర్రగీతని తాకింది. పక్కకు ఆపించి, ఇంజను కట్టించి, దిగి ముందు రేకు ఎత్తాను. రేడియేటరు అంచుల దగ్గర చెయ్యి పెట్టబోతేనే సెగ కొట్టింది. అదే చేతిని మధ్యకి తెచ్చేసరికి చల్లగా తగిలింది. మూట కింద రేడియేటరు రేకులన్నీ తడిసి నీళ్ళు కారుతున్నాయి. రేడియేటరు వెనక వైపు నుంచి చెయ్యి దూర్చి, ఫ్యాను నడిమధ్యనున్న రేకు చుట్టని ముట్టుకున్నాను. నూతి నీళ్ళలో ముంచి తీసినట్టుంది.

అప్పటికి బుర్ర వెలిగింది. బండి పరుగులో మూట నుంచి కారే చన్నీళ్ళు రేడియేటరు మధ్యగా వెనక్కి పీల్చుకుపోయి, నేరుగా ఆ చుట్టమీదే పడుతున్నాయి. ఇంజను చుట్టూ నిప్పులు కురుస్తున్నా, చుట్టకి తెలిసింది ఆ చల్లదనమే. అంతా చల్లగానే ఉందని అది ఫ్యానుని కదలనివ్వలేదు. పైగా గాలి దూరే దారికి గోనె అడ్డం. రాజమండ్రి దాటేసరికి ఐసు కరిగిపోతుంది, ఏసుపాదం ఖాళీ గోనె విప్పి పారేస్తాడు, అక్కడి నుంచి బండికి ఏ రోగమూ ఉండదు. కొన్నప్పుడు వానలు, తరవాత చలికాలం. అప్పుడు మూట అవసరం రాలేదు కాబట్టి బండి బాగా నడిచింది. చేపకంపు వల్ల మా యార్డులోకి ప్రతి చేపల బండినీ కడిగించి రానిస్తాం కాబట్టి మాకు గోనె పీచు కూడా కనబడలేదు. ఖాసిం గారి నాన్నగారి లారీల్లో ఫ్యాను వేడీ చల్లదనమూ చూసుకోకుండా తిరిగేది. ఆ బండ్లకి మూట వల్ల నష్టమేమీ తెలిసేది కాదు. ఈ బండికి ఆ మూటే పీకమీదికొచ్చింది.

చెబితే ఖాసిం గారు నా మొహంలోకి తేరిపార చూశాడు. “ఐసు పెడితే ఇంజను కాగుతుందా? ఈ మాట మా షెడ్డులో చెబితే నవ్వుతారండీ.” మాటలు అనవసరమనిపించింది. ముల్లు కిందికి దిగేదాకా ఆగి, ఆ తాళ్ళు ఆయన చేతే కోయించాను. ఏసుపాదం ఇంజను స్టార్టు చేశాడు. కాస్త దూరం పోయామో లేదో, ముందు నుంచి గుయ్యిమని గర్జన లేచింది. క్యాబిన్ నేల అదిరింది. ముల్లు మధ్యకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. తాడేపల్లిగూడెం దాకా అది అక్కడి నుంచి కదలలేదు.

గూడెంలో ఒక హోటలు ముందు ఆపాడు. ఖాసిం గారు కిందికి దిగి, టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా నిలబడ్డాడు. చివరికి, “ఏసుపాదం, ఇన్నాళ్ళూ నిన్ను నానా మాటలూ అన్నాను. మూట సంగతి ఈయనకి ఒక్కసారైనా చెప్పలేదేంటయ్యా?” అన్నాడు.

ఏసుపాదం ఆశ్చర్యపోయాడు. “చెప్పడానికేముందండీ? పెద్దాయన కట్టేవారు, మీరు కడుతున్నారు. బండికి మంచే కదండీ అది. ఇంజనీరు గారు నన్ను ఏం తప్పు చేశావని అడిగారండీ. తప్పులేవీ లేవని చెప్పాను. మూట కట్టడం తప్పు కాదు కదండీ మరి!”

ఖాసిం గారు జేబులోంచి ఫోను తీసి, మేనల్లుడికి కాబోలు, నువ్వు రానక్కర్లేదని చెప్పాడు. మన్నించమని ఏసుపాదాన్ని నోరు తెరిచి అడగలేదు. తన టీ గ్లాసు అతని చేతిలో పెట్టి, తను ఇంకోటి చెప్పించుకున్నాడు. ఏసుపాదం ఆ టీ తాగి బండెక్కి రాజమండ్రి వైపు పోయాడు. మేమిద్దరం బస్సులో ఏలూరు వచ్చేశాం. నేను రిటైరయ్యే రోజుకి కూడా ఆ లారీని అతనే నడుపుతున్నాడు.

రిపోర్టులో చెల్లే మూడు మాటల్లో ఏదీ రాయలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. రీజనల్ మేనేజరు ఫోన్ చేసి ఇదేం రిపోర్టండీ అని విసుక్కున్నాడు గానీ, వెనక్కి పంపలేదు.

ఆ తరవాత యార్డులోకి వచ్చిన ఏ డ్రైవరునీ ఏం తప్పు చేశావని నేను అడగలేదు. ఈ బండిని ఎలా ముద్దు చేస్తున్నారో చెప్పండని అడిగేవాణ్ణి. అబ్బో, ఎన్ని బయటపడ్డాయో! ఒకడు రేడియేటరులో పసుపు నీళ్ళు పోస్తున్నాడు, ఇంకొకడు చలి తగులుతుందని గాలి ఫిల్టరుకి దుప్పటి చుట్టాడు. తప్పు చేసినవాడు దాచుకుంటాడు కాబట్టి గుచ్చి గుచ్చి అడుగుతాం, ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తుంది. మంచి చేస్తున్నాననుకునేవాడు దాచడు, చెప్పడు కూడా. అతన్ని మనమే అడగాలి, అదీ ఇంకొకడి ఉద్యోగం తీసేస్తూ సంతకం పెట్టకముందే అడగాలి.